ముందుతెప్ప మళ్ళీ దిగిన ఏడు

కార్తీక బహుళ తదియ

నీళ్ళ బిందె కుడిచేత్తోనే ఎత్తాను. తర్వాత ఎవరూ నన్ను నిలదీయకుండా ఆ మాట ముందే రాసి పెడుతున్నాను. ఎడమ చెయ్యి ఎత్తకూడదన్న గడువు ఎప్పుడో దాటిపోయింది. కానీ మా అత్త కాసులమ్మకు గడువులూ గిడువులూ పట్టవు. ఎడమ చేత్తో దువ్వెన పట్టుకున్నా లాక్కుంటుంది.

ఏదైనా జరిగిన రోజున రాయమని డాక్టర్ విశాల గారు చెప్పారు. ఏం పని చేశాను, ఒంట్లో ఎలా ఉంది, లోపలి యంత్రం ఏమైనా అన్నదా లేదా, అంతే. నా పేరు పోలేశ్వరి. పేటలో అందరూ పోలమ్మ అంటారు. పోయిన మాఘ పౌర్ణమికి మంచు మీద మా కొండ పెద్దవాలు దిగుతూ సగంలో పడిపోయాను. గుండె లయ తప్పింది. నా వెనకే దిగుతున్న ఆడపడుచు మాణిక్యం మంచులోనే నా ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టి, తీగ మీద నడిచే తాడుబండిలో కొండాసుపత్రికి చేర్చేదాకా నొక్కుతూనే ఉందట. తర్వాత నా ఎడమ భుజం కింద చర్మం లోపల అగ్గిపెట్టె అంత యంత్రం పెట్టారు. గుండె మళ్ళీ పిచ్చిపరుగు అందుకుంటే అది లోపల్నుంచే ఒక దెబ్బ కొట్టి దారికి తెస్తుంది.

అత్త దానికి కొత్తల్లుడు అని పేరు పెట్టింది. మీద పట్టీ ఒరుసుకోకూడదు, అయస్కాంతం దగ్గరికి రాకూడదు, కోపమొస్తే చెయ్యి చేసుకుంటాడు. పేరు బాగానే అతికింది.

ఇవాళ ఆసుపత్రిలో నన్ను కదిలే పట్టీ మీద నడిపించి, తర్వాత పరిగెత్తించి, గుండె ఎంత దూరం తట్టుకుంటుందో చూసి ఒక హద్దు పెట్టారు. ఈ చలికాలం మెల్లమెల్లగా మంచు మీదికి వెళ్ళవచ్చన్నారు. గుండె ఆ హద్దు దాటితే యంత్రం నా అయినవాళ్ళ చేతి కడియాలకు కబురు పంపుతుంది. కబురు వస్తే నేను ఉన్నచోటే ఆగిపోవాలి, గుండె నెమ్మదించాకే కదలాలి. ఒంటరిగా వెళ్ళకూడదు. యంత్రం ఒక దెబ్బ కొడితే ఆ రోజుకి ఆట ముగిసినట్టే, ఆసుపత్రికి ఫోన్ చెయ్యాలి. రెండోది కొట్టినా, కళ్ళు తిరిగినా నేరుగా ఆసుపత్రికి చేరాలి. అన్నీ ఒప్పుకున్నాను. ఆ నిమిషంలో ఒంటికాలి మీద దిగమన్నా ఒప్పుకునేదాన్ని.

తర్వాత డాక్టరమ్మ పక్క గదిలోకి వెళ్ళారు. గోడలోంచి ఒక గొంతు, మీ అయినవాళ్ళు ఎవరో పేర్లు చెప్పండి అంది. నేను మాణిక్యం పేరు చెప్పి ఊరుకున్నాను. అత్త ఊరుకోలేదు. మా పేటలో వరస లేని మనిషి లేడు. ఎల్లాజీ మావ, ఆయన తోడల్లుడు, తోడల్లుడి మేనత్త, వాళ్ళ పక్కింటి చిన్నాన్న, అలా పేట ఈ కొసన మొదలుపెట్టి ఆ కొసదాకా చెప్పుకుంటూ పోయింది. ఎవరినైనా వదిలేస్తే రేపు మొహం ఎలా చూపించాలి? గొంతు పాపం అన్నీ రాసుకుంది. డాక్టరమ్మ తిరిగొచ్చి చూసి తల పట్టుకుని నవ్వారు. వద్దనుకున్నవాళ్ళు తమ కడియం మీద తామే తప్పుకోవచ్చని చెప్పారు. నేనూ నవ్వాను.

కార్తీక బహుళ దశమి

ఇవాళ నవ్వు రాలేదు.

వలల కొట్టుకు మెట్లెక్కుతున్నాను. మంచు పడే ముందు పెద్దవాలు పైభాగంలో ఇనుప వలలు కట్టాలి, లేకపోతే పేరుకున్న మంచు విరిగి పేట మీద పడుతుంది. ఒక చిన్న వలచుట్ట వీపున వేసుకున్నాను. పైమెట్టు దగ్గర ఛాతీలో సన్నగా మోగింది. గుండె హద్దు దాటిందన్నమాట. చెప్పినట్టే ఆగి, చుట్ట దించి, మెట్టు మీద కూర్చున్నాను. బాగానే ఉన్నాను. చెమట పట్టిందంతే.

ఊపిరి మామూలయ్యేలోపు పేట మొత్తం వచ్చేసింది. సగం గడ్డం గీసుకున్నవాడొకడు, గరిటె చేత పట్టుకుని ఒకావిడ, మంచుబండి లాక్కుంటూ ఎల్లాజీ మావ. అందరికంటే ముందు మా అత్త, చెప్పుల్లేకుండా. నేను కూర్చుని ఉండటం చూసి అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. వచ్చినవాళ్ళు వెంటనే పోతారా? టీ కాచారు. నేను లావయ్యానని ఒకరు, చిక్కానని ఒకరు తేల్చారు. వలచుట్ట మాత్రం ఎవరూ మొయ్యలేదు.

మొన్న ఒక పెళ్ళిలో రెండడుగులు ఆడితే కబురు మోగి బాజాలు ఆగిపోయాయి. పెళ్ళికూతురు పందిట్లోంచి లేచొచ్చింది.

మార్గశిర శుద్ధ పంచమి

మొదటి మంచు గట్టిపడింది. నా తెప్పలు అటక మీద నుంచి దించాను.

తాతల నాటి నుంచీ మేం సముద్రం మీద తిరిగినవాళ్ళం. సముద్రం పాత పేటను మింగేశాక మేం కొండెక్కాం. ఎండ వేడి తగ్గించడానికి ఆకాశానికి ఎండతెర కట్టినప్పటి నుంచి ఈ కొండల మీద చలికాలమంతా మంచే. తెప్పలు చెక్కిన చేతులు ఊరుకుంటాయా? ముక్కు పైకి వంచి, అడుగు నున్నగా చిత్రిక పట్టిన రెండు సన్న పలకలు కాళ్ళకు కట్టుకుని, చేత గెడలు పట్టుకుని మంచు మీద జారడం మొదలుపెట్టాం. వాటినీ తెప్పలనే అంటాం. వాలు అడుగును ఒడ్డు అంటాం. బయటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

ఒడ్డున అత్తతో పెద్ద గొడవ. మంచులో కూరుకుపోతే జాడ తెలియడానికి కట్టుకునే వెతుకుడు బిళ్ళను ఇంటి పెద్ద మన ఎడమ రొమ్ము మీద కట్టి పంపడం మా ఆనవాయితీ. దాని కొక్కెంలో అయస్కాంతం ఉంది. అది యంత్రం మీద ఆనితే కొత్తల్లుడు నిద్రపోతాడు, అవసరమైనప్పుడు లేవడు. నేను కుడివైపు నడుముకు కట్టమన్నాను. బిళ్ళను నడుముకు కట్టడమేమిటి, అదేమైనా తాళంచెవుల గుత్తా అని అత్త. చివరికి కొక్కెం తీసేసి, తాడుతో నడుముకే కట్టింది, కానీ మూడు ముళ్ళు వేసింది. ఎడమ భుజం మీద పట్టీ ఒరుసుకోకుండా పాత వల బెండు ముక్కను గుడ్డలో పెట్టి కుట్టింది కూడా ఆవిడే. కుట్టు చూస్తే ముచ్చటేసింది.

పిల్లలు నేర్చుకునే చంటివాలు మీద మాణిక్యం నా వెనక రాగా నాలుగు సార్లు దిగాను. హద్దు దగ్గరికి కూడా పోలేదు. మోకాళ్ళు మాత్రం తిట్టాయి. గాలి మొహానికి కొట్టినప్పుడు ఏడుపొచ్చింది. ఒళ్ళంతా నాదే అనిపించింది, చాలా నెలల తర్వాత.

మార్గశిర పౌర్ణమి

చెడ్డ రోజు. వరసగా రాస్తాను.

పెద్దవాలు సగం నుంచి దిగి చూద్దామనుకున్నాం నేనూ మాణిక్యం. డాక్టరమ్మకు చెప్పాం, సరేనన్నారు. రెండో మలుపులో కబురు మోగింది. ఆగాను. గెడల మీద వాలి నిలబడ్డాను. మాణిక్యం పక్కకొచ్చి తన కడియం చూసి, గుండె వేగం దిగుతోంది వదినా, ఇంకొంచెం ఆగు అంది. ఇద్దరం నెమ్మదిగా ఉన్నాం.

కింద పేట నెమ్మదిగా లేదు. ఒడ్డు నుంచి జనం వాలు మీదికి ఎక్కుతున్నారు, చీమలు బెల్లం మీదికి వచ్చినట్టు. చేతులూపి ఆగమని అరిచాను. నేను చేతులూపడం చూసి నాకేదో అయిందనుకుని ఇంకా జోరుగా ఎక్కారు. అంత బరువు ఒక్కసారి పడేసరికి కొత్తమంచు అరుగులాగా విరిగి జారింది. పెద్ద విరుగుడు కాదు, అది మా అదృష్టం. అందరికంటే ముందున్న అత్త నడుము దాకా కూరుకుపోయింది. ఆమెను తవ్వి తీసింది నేనూ మాణిక్యమూ. గుండె జబ్బు మనిషిని నేను, నన్ను కాపాడటానికి వచ్చినావిడను మంచులోంచి లాగుతున్నాను. ఆమె మోకాలు మడతపడింది. బండి మీద తీసుకొస్తుంటే దారంతా నన్నే అడిగింది, నీకెలాగుందని.

నాకు కోపం ఇంకా దిగలేదు. నాకేమీ కాలేదు. నేను చెయ్యాల్సినదంతా చెప్పినట్టే చేశాను.

మార్గశిర బహుళ సప్తమి

పెద్దలు కూర్చున్నారు. మాఘ పౌర్ణమి దిగుడు మా పేటకు అన్నిటికంటే పెద్ద రోజు. తెప్ప కట్టగల ప్రతివాళ్ళూ పెద్దవాలు పైనుంచి ఒకే వరసగా దిగుతారు. ముందు దిగే మనిషి ముందుతెప్ప. పడిన మంచు చూసి, ఎక్కడ గట్టి, ఎక్కడ గుల్ల అని తెలుసుకుని దారి వేస్తుంది. వెనకవాళ్ళు ఆ జాడలోనే దిగాలి. ముందుతెప్పను ఎవరూ దాటరు. పడిపోయేదాకా ఏడేళ్ళు ఆ చోటు నాది. నా జాడలో దిగిన ఒక్కరు కూడా మంచులో కూరుకుపోలేదు. ఈ మాట గొప్పకే రాస్తున్నాను.

పేట పెద్ద ఎల్లాజీ మావ చాలాసేపు గొంతు సవరించుకున్నాడు.

"నీ గుండె మీద మాకు అనుమానం లేదమ్మా పోలమ్మా. డాక్టరమ్మ సరే అన్నాది. మా కాళ్ళ మీదే మాకు నమ్మకం లేదు. కబురొచ్చిందంటే అవి ఆగవు. వరసంతా వాలు మీదుంటాది, కిందనుంచి మేం ఎక్కీసినామంటే ఎంతమంది పోతారో."

అంటే ఈ ఏడు మాణిక్యం ముందుతెప్ప. నేను ఒడ్డున కూర్చోవాలి. నా గుండె బాగుంది కానీ నా మీద ప్రేమ బాగులేదన్నమాట. మాణిక్యం లేచి తను ఒప్పుకోనంది. ఒప్పుకోకపోతే దిగుడే లేదన్నారు. కబుర్ల సంగతి మాఘం లోపల తేల్చుకుంటే మళ్ళీ ఆలోచిస్తామని ఒక్క సందు వదిలారు.

ఇంటికొచ్చి ఏడ్చాను. పడిపోయినందుకు కూడా ఇంత ఏడవలేదు.

పుష్య శుద్ధ విదియ

సందు ఉందిగా. తేల్చుకుందామని ఇల్లిల్లూ తిరిగాను. మాణిక్యం ఒక్కతి చాలు, మిగతావాళ్ళు మీ కడియాల మీద తప్పుకోండి అని మర్యాదగానే అడిగాను.

మొదటి ఇంట్లో చిన్నమ్మి పిన్ని చేతిలో చేట కింద పెట్టి, "తప్పుకోమంటన్నావా? ఇన్నాళ్ళూ పిన్నీ పిన్నీ అన్నావు, ఇప్పుడు నాను నీకు ఏటీ కాకుండా పోనానా?" అంది. నేను అలా కాదని ఎంత చెప్పినా వినలేదు. కడియం మీద తప్పుకుంటున్నాను అని తన నోటితో చెప్పడమంటే ఆవిడకు నాతో రాకపోకలు తెంచుకోవడమే. రెండో ఇంట్లో తాగడానికి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. మూడో ఇంట్లో మా తాత చచ్చిపోయినప్పుడు ఎవరు మోశారో గుర్తు చేశారు. నాలుగో గడప ఎక్కే ధైర్యం లేక వచ్చేశాను.

అందరి కంటే ముందు అత్తకు తెలిసింది. రాత్రి అన్నం కంచం నా ముందుకు తోసింది. మోకాలికి కట్టు కడుతుంటే కాలు వెనక్కి తీసుకుంది.

డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఆ జాబితా మీరే తుడిచేయండి అన్నాను. తుడవచ్చు, కానీ తుడిచినట్టు అందరికీ కబురు వెళుతుంది అన్నారు. వద్దు మహాతల్లీ అని పెట్టేశాను.

పుష్య శుద్ధ ఏకాదశి

ఇవాళ రెండో వల పైకి లాగాం. పాత పేటలో అలివివల ఒడ్డుకు లాగినట్టే లాగుతాం. రెండు పక్కలా రెండు పొడుగాటి తాళ్ళు, తాడుకు ఇంతమంది, ఎవరి చోటు వాళ్ళది. ముందువాడు బలమున్నవాడు, చివరివాడు తాడు చుట్ట చుట్టేవాడు, మధ్యలో అందరూ. నన్ను లాగనివ్వలేదు, పాట అందుకోమన్నారు.

సగం లాగాక ముందువరసలో ఒకడు కాలు జారి పడ్డాడు. పక్కవాడు వాణ్ణి లేపుదామని తాడు వదిలాడు. వెంటనే వల కిందికి జారింది. కుంటుతూ చుట్ట దగ్గర నిలబడ్డ మా అత్త వాణ్ణి ఎన్ని మాటలందో రాయలేను. తాడు వదిలి సాయానికి పోయేవాడు సాయం కాదు, శని అంది. పడ్డవాణ్ణి లేపడానికి ఒక మనిషి ఉన్నాడు, అది వాడి పని, నీ పని నీ చోట్లో నిలబడటం అంది. పేటంతా తలూపింది. పడ్డవాణ్ణి ఆ మనిషే లేపాడు. మిగతావాళ్ళు తాడు పట్టుకుని కదలకుండా నిలబడ్డారు.

నేను పాట ఆపేశాను. నా పేటకు కాళ్ళు ఆపుకోవడం రాదని ఎల్లాజీ మావ అన్నాడు కదా. వచ్చు. తరతరాలుగా వచ్చు. ఎవరినీ తప్పుకోమనక్కర్లేదు. అందరికీ తాడు మీద చోటివ్వాలి.

పుష్య బహుళ చవితి

వారం రోజులుగా నేనూ మాణిక్యం చోట్లు పంచుతున్నాం. డాక్టరమ్మ కూడా ఒక పూట వచ్చి సాయం చేశారు. నాకు కబురొస్తే మాణిక్యం నా పక్కన. గుండెకు కరెంటు దెబ్బ ఇచ్చే పెట్టెతో ఒకరు సగంవాలు గుడిసెలో, మంచుబండితో ఇద్దరు అక్కడే. తాడుబండి దగ్గర ఒకరు. ఆసుపత్రికి ఫోన్ చేసేది చిన్నమ్మి పిన్ని, ఆవిడ గొంతుకు ఫోన్ కూడా అక్కర్లేదు. వేడినీళ్ళు కాచేవాళ్ళు పొయ్యి దగ్గర. మిగతావాళ్ళందరికీ ఒడ్డున ఒక్కొక్కరికి ఒక్కొక్క జెండా కర్ర పాతాం. కబురొస్తే ఎవరి కర్ర వాళ్ళు పట్టుకుని నిలబడాలి. అది కూడా చోటే, అది కూడా పనే. చిన్నమ్మి పిన్ని నాతో మళ్ళీ మాట్లాడుతోంది. తన కర్ర పక్కింటావిడ కర్ర కంటే పొట్టిగా ఉందని దెబ్బలాడింది కూడా.

ఇవాళ పెద్దల ముందు చేసి చూపించాం. నేను చంటివాలు మీద కావాలనే పైకి ఎగబాకి, కబురు మోగాక ఆగాను. కింద ఒక్కరూ కదల్లేదు. ఎల్లాజీ మావ మీసం దువ్వుకున్నాడు. ఒక్కరూ అని రాశానా? మా అత్త తప్ప. కుంటికాలితోనే వచ్చేసింది, కర్ర పీక్కుని మరీ.

దిగుడు రోజున కాసులమ్మను ఇంట్లో పెట్టి తలుపెయ్యండి, లేదా ఇద్దరు రెక్కలు పట్టుకోండి, అలాగైతే ఒప్పుకుంటామని పెద్దలన్నారు. ఆమె పీకిన కర్రను మళ్ళీ పాతి ఇంటికి నడిచింది. ఇంటికొచ్చాక పొయ్యి ముందు కూర్చుని నా వైపు చూడకుండా చెప్పింది. నా పెనిమిటి, అంటే ఆమె కొడుకు అప్పలకొండ, పాత పేటలో ఉన్నప్పుడు సముద్రంలో పోయిన సంగతి నాకు తెలుసు, కానీ నేనా రోజు చేపల గంప ఎత్తుకుని సంతకు పోయి ఉన్నాను. ఒడ్డున ఏం జరిగిందో ఆమె ఇన్నేళ్ళూ చెప్పలేదు, నేను అడగలేదు.

"పడవ తిరగబడిపోనాది. కనబడతానే ఉన్నాడు. నాను నీళ్ళలోకి పోతంటే ఇద్దరు నా రెక్కలట్టుకుని నిలబెట్టీసినారు. నిలబడే సూసినాను, ఆడు కనబడకుండా పోయినదాకా. మళ్ళీ నన్ను నిలబడమంటే నా వల్ల కాదే."

నేను పొయ్యి దగ్గరికి జరిగి ఆమె పక్కన కూర్చున్నాను. తర్వాత ఉన్నమాట చెప్పాను. నువ్వు ఎక్కితే నీ వెనక పేట ఎక్కుతుంది, మంచు విరుగుతుంది అత్తా, విరిగితే కింద పడేది నేనే అన్నాను. ఆమె పొయ్యిలో కట్టె ఎగదోసింది.

పెద్దల దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. తలుపెయ్యకూడదు, ఎవరూ పట్టుకోకూడదు. ఆమెకు ఒడ్డున అన్నిటికంటే ముందు కర్ర కావాలి, వాలు పైనుంచి కిందిదాకా కనబడే చోటు. అలా కాకపోతే నేను దిగను. పెద్దలు నాకు పిచ్చెక్కిందన్నారు. మాణిక్యం మాత్రం, మా అమ్మకు నువ్వే చెప్పు వదినా అంది. చెప్పాను. అత్త ఔననలేదు, కాదనలేదు. పెద్దలు చివరికి, ఆమె కదిలిందంటే నా ముందుతెప్ప ఆ రోజుతో సరి అని షరతు పెట్టి ఒప్పుకున్నారు.

మాఘ శుద్ధ చతుర్దశి

యంత్రం లోపల బ్యాటరీ, తీగలు అన్నీ ఆసుపత్రిలో చూసి సరేనన్నారు. దారిలో రెండు చోట్ల, కబురు వచ్చినా రాకపోయినా, ఆగాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. ముందుతెప్ప మధ్యలో ఆగడం మా పేటలో ఎన్నడూ లేదు. రేపటి నుంచి ఉంటుంది. సాయంత్రం మంచు మీద నడిచి గెడతో గుచ్చి చూశాను. ఎడమ గట్టు కింద గుల్లగా ఉంది, కుడి పక్కనుంచి దారి వెయ్యాలి. చెయ్యి పని మరిచిపోలేదు.

అత్త మోకాలికి నూనె రాశాను. ఈసారి కాలు వెనక్కి తీసుకోలేదు.

మాఘ పౌర్ణమి

దిగాను.

తెల్లారి అందరం తాడుబండిలో పైకెక్కాం. ఎండతెర వెనక సూర్యుడు పలచగా ఉన్నాడు, మంచు నీలంగా ఉంది. నా వెనక మాణిక్యం, ఆమె వెనక పేటలో తెప్ప కట్టగలిగినవాళ్ళందరూ. కిందికి చూశాను. ఒడ్డు పొడుగునా జెండాలు, అన్నిటికంటే ముందు ఒంటిగా ఒక ఎర్రజెండా, దాని పక్కన చిన్న మనిషి. ఎవరూ పట్టుకోలేదు.

నా కాళ్ళకు తెప్పలు నేనే కట్టుకున్నాను. కూత వేసి దిగాను.

మొదటి సగం గురించి రాయడానికి మాటలు లేవు. కుడి గట్టు పక్కనే పట్టి, గుల్లమంచు తప్పించి, మలుపు మలుపుకీ వెనకవాళ్ళ తెప్పల సవ్వడి వింటూ దిగాను. సవ్వడి ఎక్కడా తెగలేదు. మొదటి మజిలీలో ఆగినప్పుడు అందరూ ఆగారు. ఎవరూ గొణగలేదు.

సగంవాలు గుడిసె దాటాక గాలి ఎదురు తిరిగింది. గెడలు గట్టిగా పొడవాల్సి వచ్చింది. కబురు మోగింది. ఆగాను. వెనక వరస మొత్తం నా జాడలో నిలబడిపోయింది. మాణిక్యం పక్కకొచ్చింది. గుడిసెలో పెట్టెతో ఉన్నవాడు గడప దాకా వచ్చి, చెప్పినట్టు అక్కడే నిలబడ్డాడు.

నేను నా గుండె చూసుకోలేదు. కిందికి చూశాను.

జెండాలన్నీ ఒక్కసారి కదిలాయి, అందరూ కర్రలు పట్టుకున్నారు కాబట్టి. తర్వాత నిలిచిపోయాయి. ఒడ్డు ఒడ్డంతా రాయిలాగా ఉంది. ముందున్న ఎర్రజెండా మాత్రం ఊగుతూనే ఉంది. చిన్న మనిషి ఒక అడుగు ముందుకు వేసింది. ఆ అడుగు వాలు మొదట్లో పడింది. రెండో అడుగు పడితే నా ముందుతెప్ప పోతుంది, అంతకంటే ముందు మంచు పోతుంది. నేను చేతులు ఊపలేదు, అరవలేదు. ఊపితే ఏమవుతుందో తెలుసు. గెడలు మంచులో దింపి, ఆమెకు కనబడేలాగా నిటారుగా నిలబడ్డాను. ఇంతకు మించి నేను చెయ్యగలిగిందేమీ లేదు.

ఆమె ఆ అడుగు వెనక్కి తీసుకుంది. కర్రను రెండు చేతులా పట్టుకుంది.

గుండె దిగడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది. మాణిక్యం తర్వాత చెప్పింది, అంతసేపేమీ కాదట. యంత్రం దెబ్బ కొట్టే పని పడలేదు. కళ్ళు తిరగలేదు, నొప్పి లేదు. మాణిక్యం సరే అనేదాకా ఆగి, ఇంకొంచెం కూడా ఆగి, మళ్ళీ కూత వేశాను. రెండో మజిలీలోనూ ఆగాను. ఒడ్డుకు చేరేటప్పటికి నా వెనక అందరూ ఉన్నారు. ఒక్కరూ కూరుకుపోలేదు, ఒక్కరూ జాడ తప్పలేదు. ఎల్లాజీ మావ వచ్చే ఏడు కూడా నాదే అన్నాడు. చిన్నమ్మి పిన్ని నా మెడ కావలించుకోబోయి, కొత్తల్లుడు గుర్తొచ్చి కుడి పక్కకు మారింది. నేను గర్వపడ్డాను. దాచుకోవడం ఎందుకు, ఒళ్ళు పొంగిపోయింది.

అత్త మాత్రం రాలేదు. కర్ర దగ్గరే ఉంది. నేనే తెప్పలు విప్పి వెళ్ళాను. వేళ్ళు కర్రకు అతుక్కుపోయినట్టున్నాయి, ఒక్కొక్కటే విడదీశాను. దిగుడు చూశావా అత్తా అని అడిగాను. ఆమె దిగుడు మాట ఎత్తలేదు. పేటంతా వినేలాగా, తల ఎత్తి చెప్పింది.

"ఆ దినం నన్ను ఇద్దరు పట్టుకుంటే నిలబడ్డాను. ఇయ్యాల నన్నెవులూ పట్టుకోలేదు. నాకు నానే నిలబడ్డాను."